నెమలిరాయి మీద నేతి చెయ్యి

మా పూజగదిలో వేలెడంత రాయి ఒకటుంది. నెమలి మెడలాగా దాని మీద నీలం, ఊదా, పచ్చ, బంగారు రంగులు ఆడుతుంటాయి. ఇది ఇంట్లో ఉంటే దిగులు పోతుందని, ఆటంకాలు తొలగుతాయని, అత్తాకోడళ్లకు కూడా పడుతుందని తిరునాళ్లలో అమ్మినవాడు చెప్పాడు. పండగ వస్తే మా ఇంటావిడ రాగిచెంబుతో పాటు దాన్నీ చింతపండు పెట్టి తోమేస్తుంది. రంగులన్నీ పోయి, కొత్త రాగిబిళ్లలాగా ఎర్రగా బయటపడుతుంది. కొన్నాళ్లకు మళ్లీ నెమలి వచ్చి వాలుతుంది. రంగు పోయినప్పుడు మహిమ కూడా పోతుందా? పోతే, తిరిగి వచ్చేది ఎక్కడినుంచి? చాలా ఏళ్లుగా ఈ సందేహాన్ని దేవుడి ముందే ఉంచి దీపం వెలిగిస్తున్నాను. ఆయన నవ్వుతాడు తప్ప చెప్పడు. మయూరగిరిలో రాకుమారుడు వసంతకేతుడికి జరిగింది తలుచుకుంటే మాత్రం నాకూ నవ్వొస్తుంది.

వసంతకేతుడు మయూరగిరికి వచ్చింది తండ్రి నవ్వు కోసం. కుందనపురపు మహారాజు భద్రసేనుడు ఒకనాడు కొలువులో విదూషకుడి మాటకు నవ్వబోయి ఆవులించాడు. ఆ రోజునుంచి ఆయనకు నవ్వు రాలేదు. నవ్వబోతే ఆవులింతే. రాజు ఆవులిస్తే మంత్రులు ఆవులించాలి, మంత్రులు ఆవులిస్తే సేనలు ఆవులించాలి. రాజ్యం మొత్తం నిద్రలోకి జారుతుండగా ఆస్థాన వైద్యుడు, మయూరగిరి నెమలిరాయి ముక్క ఒకటి తలగడ కింద పెడితే నవ్వు తిరిగి వస్తుందని చెప్పి, చెబుతూనే ఆవులించాడు.

రాకుమారుడు కాషాయం కట్టి సన్యాసి వేషంలో బయలుదేరాడు. వెంట శిష్యుడి వేషంలో బోడెన్న వచ్చాడు. బోడెన్న రాజుగారి వంటవాడు, వసంతకేతుణ్ణి ఎత్తుకుని పెంచినవాడు. అతని మూటలో మార్చుకునే బట్టలు లేకపోయినా పసుపు, తమలపాకులు, ఒక కొబ్బరికాయ తప్పకుండా ఉంటాయి.

ఆ కొబ్బరికాయకు ఒక కథ ఉంది. పసితనంలో వసంతకేతుడికి ఎన్నాళ్లకూ నడక రాలేదు. బిడ్డ నడిస్తే, బిడ్డను పక్కన నిలబెట్టుకుని ఒక కాయ కొడతానని బోడెన్న విఘ్నేశ్వరుడికి మొక్కుకున్నాడు. బిడ్డ నడిచాడు. నడిచినవాడు మళ్లీ ఒకచోట నిలబడలేదు. కాయ పట్టుకుని బోడెన్న వెనకాల పరుగెత్తడమే మిగిలింది. మొదటి కాయ రాజబంధువులకు పచ్చడైపోయింది. రెండోదాన్ని చంకలో పెట్టుకుని రాకుమారుడు ఏరు ఈదాడు. మూడోదాన్ని మొన్ననే ఒంటికన్ను రాక్షసి నుదుటికి గురిచూసి విసిరాడు. ఇప్పుడున్నది నాలుగోది. దారిలో ముల్లు గుచ్చుకున్నా, దొంగలు పడినా, వాన కురిసినా బోడెన్న ఒకటే మాట అనేవాడు.

"దేవుడి బాకీ బాబుగారూ. అది తీరేదాకా మనకింతే."

మయూరగిరిని దూరంనుంచి చూసినవాడికి కొండ మీద వెయ్యి నెమళ్లు పురివిప్పి కూర్చున్నట్టు కనిపిస్తుంది. కోటగోడల్లో, గోపురాల్లో, చివరికి గుమ్మాల ముందు అరుగుల్లో కూడా నెమలిరాయి పలకలు పొదిగి ఉంటాయి. పొద్దున ఊరు నీలంగా మేలుకుంటుంది, మధ్యాహ్నం బంగారమై మండుతుంది, సాయంత్రం వంకాయరంగులో సద్దుమణుగుతుంది. వీధుల్లో నడిచే ఆడవాళ్ల తెల్లచీరలు కూడా ఆ వెలుగులో పట్టుచీరలై పోతాయి. ఆ రాయి అంతా కొండ పొట్టలోని గనిలో, పసుపురాయికీ నల్లరాయికీ నడుమ నరంలాగా పారుతుంది. కొలిమిలో పెట్టి తిత్తులు ఊదితే మొదట ముక్కు బద్దలయ్యే గంధకపు వాసన, ఆ తర్వాత ఎర్రటి రాగి వస్తాయి. ఊరికి అన్నం పెట్టేది ఆ రాగి. ఊరిని భయపెట్టేది మాత్రం కొలువుకూటం నడుమ నిలిచిన ఒక నెమలిరాయి బండ.

మనిషెత్తు ఉంటుంది ఆ బండ. ముందుకు బొజ్జ, పైన బుర్ర, పక్కకు వంగిన తొండంలాంటి కొమ్ము. అది అబద్ధాన్ని పట్టిస్తుందని రాజగురువు సాంబ్రాణిభట్టు చెప్పాడు. ఆయన మాంత్రికుడు. ఎక్కడికి వెళ్లినా ముందు సాంబ్రాణి పొగ, ఆ వెనక దగ్గు, దాని వెనక ఆయన వస్తారు. బండ మీద అరచెయ్యంత మేర కత్తితో గీకించి, కొత్త రాయి బయటపెట్టిస్తాడు. మనిషి అక్కడ చెయ్యి ఆనించి మాట చెప్పాలి. పట్టుగుడ్డ కప్పి మూడు రోజులు ఆగుతారు. చెయ్యి పెట్టిన చోట నెమలిరంగు ఎక్కితే ఆ మనిషి అబద్ధాలకోరు. రాయి ఎర్రగానే ఉంటే సత్యవంతుడు. సత్యవంతుడికి పదవి. అబద్ధాలకోరుకు గుండు గీయించి, గనిలోకి దించి, బతికినంత కాలం తిత్తులు ఊదిస్తారు. దిగినవాడు పైకి వచ్చింది లేదు. గీకినప్పుడు రాలే నల్లపొడిని జనం కళ్లకద్దుకుని బొట్టు పెట్టుకునేవారు.

రాయి ముక్క అడగడానికి వచ్చిన పరదేశి కూడా ముందు తానెవరో బండ ఎదుట చెప్పాలని ఆ ఊరి కట్టడి. కబురు వచ్చేసరికి వసంతకేతుడు సత్రంలో బొబ్బట్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఆ సత్రంలో బొబ్బట్టుకు నెయ్యి వెయ్యరు, నేతిలో బొబ్బట్టు వేస్తారు. భటులు తొందరపెట్టారు. రాకుమారుడు చివరి బొబ్బట్టు నోట్లో కుక్కుకుని లేచాడు. బోడెన్న మాత్రం కదలలేదు. బండకు బొజ్జా తొండం ఉన్నాయని విన్నప్పటినుంచి అది విఘ్నేశ్వరుడేనని అతని నమ్మకం. బావి దగ్గర కాళ్లు కడుక్కుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, పుక్కిలించి, తడి ఆరకుండా వచ్చాడు. ఎంగిలిచేత్తో దేవుణ్ణి ముట్టుకునేవాళ్లను ఏమంటారో దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు.

కొలువులో రాకుమారుడు బండ మీద నేతిచెయ్యి పెట్టి, తాను పుట్టు సన్యాసినని, ఆడగాలి కూడా సోకలేదని గంభీరంగా చెప్పాడు. బోడెన్న తడిచెయ్యి పెట్టి, తాను ఈ స్వాములవారి శిష్యుణ్ణని, పేరు బోధానందుడని చెప్పాడు. రెండూ పచ్చి అబద్ధాలు.

మూడో రోజున గుడ్డ తీశారు.

రాకుమారుడి చెయ్యి పెట్టిన చోట రాయి కొత్త చెంబులా ఎర్రగా ఉంది. బోడెన్న చెయ్యి పెట్టిన చోట ఐదు వేళ్లూ ఐదు నెమలి ఈకలై మెరుస్తున్నాయి. అంత అందమైన అబద్ధాన్ని ఈ మధ్య చూడలేదని కొలువులో ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా. రాజు చంద్రకవర్మ మెత్తని మనిషి. ఆయన సింహాసనం దిగి వచ్చి స్వాములవారి కాళ్లకు మొక్కి, ఒక నెమలిరాయి ముక్క కానుకగా ఇచ్చి, పట్టుపరుపుల గదిలో విడిది ఏర్పాటు చేయించాడు. బోడెన్నను రాబోయే శుక్రవారం మధ్యాహ్నం గనిలోకి దించాలని భట్టు చెప్పాడు. రాజు తలవంచుకున్నాడు. బండ మాటకు ఆయనా ఎదురు చెప్పడు. ఆయన తన చెయ్యి మాత్రం దాని మీద ఎప్పుడూ పెట్టలేదు.

రాకుమారుడికి కావలసిన రాయి ముక్క చేతికొచ్చింది. ఆ క్షణమే గుర్రమెక్కితే కుందనపురంలో రాజు నవ్వవచ్చు. కానీ తనను ఎత్తుకుని పెంచినవాణ్ణి గనిలో వదిలి ఇంటికి వెళితే, ఆ నవ్వు చూడడానికి తనకు మొహం ఎక్కడుంటుంది? సాయంత్రం శిష్యుడికి ఉపదేశం చేయాలనే నెపంతో చెరసాలకు వెళ్లాడు. బోడెన్నకు గుండు గీసేశారు. అతనికి దిగులు కంటే అనుమానమే ఎక్కువగా ఉంది.

"నాకొకటి అర్థం కావడం లేదు బాబుగారూ. అబద్ధం మనిద్దరం ఆడాం. పైగా మీదే పెద్దది. ఆడగాలి సోకలేదంట. మరి రంగు నాకొక్కడికే ఎందుకెక్కింది?"

"నాకూ అదే తెలియడం లేదు."

"కాయ బాకీ ఉంది కదా. అదే అయ్యుంటుంది."

"బాకీ నా నడక గురించి కదా బోడెన్నా. అయితే రంగు నాకే ఎక్కాలి."

దేవుడి లెక్కలు తనకు తెలియవు కానీ బోడెన్న మూట మాత్రం ఎవరికీ ఇవ్వవద్దని చెప్పాడు. మూట రాకుమారుడి భుజానికి మారింది.

సమాధానం పులిహోరలో దొరికింది. సత్యవంతుడికి రాజుగారి వంటశాలనుంచి పూటకో పళ్లెం వస్తుంది. ఆ రోజు రాకుమారుడు దిగులుగా తింటూ, కానుకరాయిని పళ్లెం అంచున పెట్టి మరిచిపోయాడు. తెల్లవారి చూస్తే అది చింతపండు గుజ్జులో పొర్లి ఉంది. కడిగితే రంగులన్నీ పోయి ఎర్రటి మొద్దు మిగిలింది.  మహిమ పోయింది, నాన్నగారి నవ్వు పోయింది అనుకుంటూ రాకుమారుడు రాయిని గుప్పిట్లో పెట్టుకుని గదంతా తిరిగాడు. పలహారానికి గారెలు, వాటి మీదికి పేరిన నెయ్యి వచ్చాయి. దిగులుకు ఆకలి తోడై, నేతివేళ్లతోనే రాయిని మళ్లీ పట్టుకుని చూసి, మళ్లీ తిని, కిటికీలో తడిగుడ్డ మీద పడేశాడు.

మర్నాడు చూస్తే రాయి సగం నెమలైంది. వేళ్ల జిడ్డు అంటిన సగం మాత్రం ఎర్రగానే ఉంది.

రాకుమారుడు ఆ రెండు సగాలనూ మార్చి మార్చి చూశాడు. తడీ గాలీ తగిలిన చోట రంగు. నెయ్యి కాచిన చోట రంగు లేదు. అప్పుడతనికి మయూరగిరి మొత్తం అర్థమైంది. దేవుడి బండ కదా అని కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చిన భక్తులందరూ అబద్ధాలకోరులై గనిలోకి దిగారు. సత్రంలో విన్న మాట కూడా గుర్తొచ్చింది. సాంబ్రాణిభట్టు మాత్రం తనవాళ్లకు తీర్పు రోజున తన ఇంట్లోనే విందు పెట్టి, చెయ్యి కడుక్కోనివ్వకుండా పల్లకీ ఎక్కించేవాడు. జనం దాన్ని ఆప్యాయత అనుకున్నారు. శుభ్రంగా ఉన్నవాళ్లంతా కిందికి పోగా, పైన రాజ్యమేలేది ఎంగిలిచేతులే.

శుక్రవారం మధ్యాహ్నం కొలువు నిండింది. చెయ్యి కడిగిన బోడెన్నను బండ పక్కన నిలబెట్టారు. ఆఖరి కోరిక ఏమిటని రాజు అడిగితే, అతను ఒక మొక్కు తీర్చుకోవాలన్నాడు. మొక్కు కాదనడానికి ఏ రాజుకూ నోరు రాదు. బోడెన్న మూట తీసుకుని, పసుపు తడిపి ముద్ద చేసి, తమలపాకులో పసుపు వినాయకుణ్ణి నిలిపాడు. ఎడమచేతిలో ఆకు, కుడిచేతిలో కాయ. తన పక్కన నిలబడమని స్వాములవారిని బతిమాలాడు. కాయ కొట్టడానికి రాయి కావాలి. చుట్టూ చూస్తే బండ తప్ప వేరే రాయి లేదు.

సాంబ్రాణిభట్టు మొట్టమొదటిసారి పొగ లేకుండా పరుగెత్తుకొచ్చాడు. ఆ బండ మీద వద్దని, గడప మీద కొట్టుకోమని అరిచాడు. అది చూపుకు పర్వతంలా ఉన్నా పెళుసని, దెబ్బకు ఓర్చదని ఆయనకొక్కడికే తెలుసు. కానీ బోడెన్న చెయ్యి అప్పటికే లేచింది. వంటవాడి చెయ్యి. నలభైమంది పెళ్లివారికి ఒంటిచేత్తో పిండి రుబ్బిన చెయ్యి.

టప్పుమంది. పగిలింది కాయ కాదు, బండ.

బొజ్జ మీద చీలిక పుట్టి, పైకి పాకి, తలుపంత పెచ్చు ఒకటి ధబ్బున ఊడి నేల మీద పడింది. లోపల నెమలి లేదు. నీలం లేదు, ఊదా లేదు. అప్పుడే అంగట్లోంచి తెచ్చిన బిందెలాగా ఎర్రటి రాయి మాత్రమే ఉంది. కొబ్బరికాయకు పీచు కూడా చెదరలేదు. కొలువంతా నోరు తెరిచింది. కాయ పగలనందుకు బోడెన్న ఒక్కడే బాధపడ్డాడు.

వసంతకేతుడు కానుకరాయిని రాజు చేతిలో పెట్టాడు. తాను సన్యాసిని కానని, కుందనపురపు రాకుమారుణ్ణని, బండ ఎదుట తాను చెప్పింది శుద్ధ అబద్ధమని, అయినా బండ తనను సత్యవంతుడంటోందని ఒప్పుకున్నాడు. నెయ్యి సంగతీ నీళ్ల సంగతీ విడమరిచి చెప్పాడు.

"చూడండి మహారాజా. సగం ఎరుపు, సగం నెమలి. ఈ రాయి ఒక పక్క నిజం చెప్పి, ఇంకో పక్క అబద్ధం ఆడిందా? ఇది మహిమ కాదు. చిలుము. మీ ఇంటి చెంబుకు పట్టేదే, కాస్త అందంగా పట్టింది."

చిలుము అనే మాట వినగానే కొలువులో సగంమంది ముఖాలు మాడిపోయాయి. వాళ్ల పదవులన్నీ ఆ చిలుము రాకపోవడం మీద నిలిచినవే. చంద్రకవర్మ రాయిని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా అడిగాడు.

"గురువుగారూ, మీరు చెయ్యి పెట్టిన రోజున ఏం భోంచేశారు?"

సాంబ్రాణిభట్టు ఆలోచిస్తున్నట్టు గడ్డం నిమిరి, ధూపపాత్రలో ఏదో పొడి చల్లాడు. నల్లటి పొగ ఏనుగులా లేచి కొలువును మింగింది. దగ్గులు, కేకలు, ఎవరి తలపాగా ఎవరి చేతిలోనో. ఆ పొగలో భట్టు కాలితో నేలలోని ఒక మీట తొక్కాడు. బండ ముందున్న నేల తలుపులా కిందికి తెరుచుకుంది. అబద్ధాలకోరులను దించే గనినోరు అదే. మామూలుగా బుట్టలో కూర్చోబెట్టి దించుతారు. ఈసారి బుట్ట లేదు. ముందు రాతిపెచ్చు, ఆ వెనక బోడెన్న, బోడెన్న ఉత్తరీయం పట్టుకుని వసంతకేతుడు, వరసగా చీకట్లోకి జారిపోయారు.

పడుతూ పడుతూ రాకుమారుడు కాయ వదిలేసి తాడేదైనా పట్టుకోమని అరిచాడు. బోడెన్న పడుతూ పడుతూనే, కాయ మాత్రం వదలనని జవాబు చెప్పాడు.

అదృష్టవశాత్తూ గని అడుగున కొలిమికి పోసిన బొగ్గుపొడి కొండలా ఉంది. బోడెన్న వీపు మీద జారి మెత్తగా కింద కూర్చున్నాడు. రాకుమారుడు నిలువునా దిగబడ్డాడు. నడుము దాకా కూరుకుపోయి, కుడికాలు లాగితే ఎడమకాలు దిగుతోంది, ఎడమకాలు లాగితే కుడికాలు దిగుతోంది. పైన తలుపు మూసుకుంది. పక్కనే రాతిపెచ్చు నిటారుగా గుచ్చుకుని నిలబడింది.

తిత్తుల చప్పుడు ఆగింది. చీకట్లోంచి ఆముదపు దీపాలు ఒక్కొక్కటే దగ్గరికొచ్చాయి. వాటి వెనక గుండ్లు. వందలకొద్దీ గుండ్లు. మయూరగిరిలో చేతులు కడుక్కున్నవాళ్లందరూ అక్కడ ఉన్నారు. పాత మంత్రి, పాత సేనాపతి, తూకంలో మోసం చెయ్యని కోమటి, పిల్లలకు దెబ్బలు కొట్టకుండా చదువు చెప్పిన పంతులుగారు. వాళ్ల ముఖాలు మసిబారి ఉన్నాయి కానీ, వచ్చినవాళ్లను ముట్టుకునే ముందు ప్రతి ఒక్కరూ కుండలో చేతులు కడుక్కుని మరీ వచ్చారు.

పంతులుగారు వచ్చినవాళ్లెవరని అడగబోయేలోగా, పైన తలుపు కిర్రుమంది. సందులోంచి తాళ్లు జారాయి. వాటిని పట్టుకుని కత్తులతో భటులు దిగుతున్నారు. భట్టు దగ్గు కూడా వినిపిస్తోంది.

"బోడెన్నా, ముందు నన్ను పైకి లాగు."

బోడెన్న లాగలేదు. ఎడమచెయ్యి తెరిచి చూసుకున్నాడు. తమలపాకులో పసుపు వినాయకుడు కొంచెం నొక్కుకుపోయినా క్షేమంగా ఉన్నాడు. కుడిచేతిలో కాయ ఉంది. ఎదురుగా రాయి ఉంది. పక్కన, జీవితంలో మొదటిసారి, రాకుమారుడు ఒకచోట నిలబడి ఉన్నాడు. బోడెన్న కళ్లు చెమర్చాయి.

"అలాగే ఉండండి బాబుగారూ. కదలొద్దు."

"వాళ్లు దిగుతున్నారయ్యా."

"దిగనీయండి. ఇన్నేళ్లకు నిలబడ్డారు. ఒక్క క్షణం."

వసంతకేతుడు పైకి చూశాడు. ఎడమచేతిలో ఆకు వణకకుండా పట్టుకుని నిలబడ్డ ముసలివాణ్ణి చూశాడు. కాళ్లు పెనుగులాడడం మాని, చేతులు జోడించాడు.

బోడెన్న వినాయకుణ్ణి పెచ్చు ముందు నిలిపి, పాత మంత్రి అందించిన కుండలో మళ్లీ చేతులు కడుక్కుని, కాయ ఎత్తి కొట్టాడు. సరిగ్గా నడిమికి పగిలింది. రెండు చిప్పలూ మల్లెపువ్వులా తెల్లగా ఉన్నాయి. నీళ్లు ఎర్రటి రాయి మీదుగా కారాయి. రేపో ఎల్లుండో ఆ చారల్లో నెమలిరంగు ఎక్కుతుంది, ఎక్కనీ.

మొదటి ముక్క పసుపు వినాయకుడికి, రెండోది రాకుమారుడి నోట్లో. మిగిలింది కోమటి గుండ్లవాళ్లందరికీ పంచసాగాడు.

బోడెన్న లేచి, పంచె ఎగ్గట్టి, బొగ్గులోంచి రాకుమారుణ్ణి ఒక్క గుంజు గుంజి బయటపడేశాడు.

"తీరింది బాబుగారూ. ఇక ఎటు పరుగెత్తమంటారో చెప్పండి."